జవాద్ మలుపు

డిసెంబరు 1, బుధవారం

అప్పటికి దానికింకా పేరు పెట్టలేదు. దక్షిణ థాయిలాండ్ మీదుగా అండమాన్ సముద్రంలోకి దిగిన ఒక అల్పపీడనం, అంతే. కానీ వాతావరణ శాఖ బులెటిన్‌లో ముందు కథంతా ఉంది: వాయుగుండమవుతుంది, తుపానవుతుంది, 4వ తేదీ ఉదయానికి ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల దగ్గరికి వస్తుంది. పేరు కూడా సిద్ధంగానే ఉంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో పుట్టే తుపానుల కోసం పదమూడు దేశాలు ఇచ్చి ఉంచిన పేర్ల పట్టికలో తర్వాతి వంతు సౌదీ అరేబియాది. జవాద్. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే ఆ పేరు దీనికి దక్కుతుంది. లేకపోతే వెనకొచ్చే దానికి మిగిలిపోతుంది.

2021 సంవత్సరం అప్పటికే మనల్ని బాగా తడిపింది. సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం పైన తీరం దాటింది. నవంబరులో నెల్లూరు, కడప జిల్లాలు వరదల్లో చిక్కాయి, అన్నమయ్య డ్యామ్ తెగింది. ఇంకా ఏం మిగిలిందని వస్తోందో అని జనం విసుక్కుంటుంటే మేం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖకు బెర్తులు వెతుక్కున్నాం.

ముగ్గురం. మాస్టారిది తెనాలి, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. కుర్రాడు గాజువాక వాడు, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వాళ్లింటి రేకులు లేచిపోయాయట, అప్పట్నుంచీ వాడికి ఈ పిచ్చి. ఇక నేను. క్రికెట్ పిచ్చోళ్లు స్కోరు చూసినట్టు అరగంటకోసారి ఇన్‌శాట్ ఉపగ్రహ చిత్రం చూడకపోతే నాకు తోచదు. మాకు కొన్ని కట్టుబాట్లున్నాయి: నీళ్ల దగ్గరికి పోం, పోలీసులు వెళ్లమంటే మారుమాట్లాడకుండా వెళ్లిపోతాం, గాలి అందుకున్నాక గడప దాటం. ఇవి లేకుండా తుపాను చూడ్డానికి వెళ్లేవాడు సహాయక బృందాలకు అదనపు బరువు తప్ప మరేం కాదని మాస్టారి అభిప్రాయం. నాదీ అదే.

డిసెంబరు 2, గురువారం

దువ్వాడ దాటేసరికి తెల్లవారింది. ఆకాశంలో పల్చటి మబ్బు తప్ప ఏమీ లేదు. స్టేషన్ బయట ఆటో అతను మా మూటాముల్లె చూసి అరకు వెళ్తారా అని అడిగాడు.

పెదవాల్తేరులో మా పెద్దమ్మ కూతురింట్లో దిగాం. తలుపు తీస్తూనే అందుకుంది: "ఏరా, సింహాచలం చందనోత్సవానికి రమ్మంటే సెలవు లేదంటావు. తుపానంటే మాత్రం టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తావు!" మాస్టారిని చూసి కాస్త తగ్గి, "మీరైనా చెప్పకూడదా మాస్టారూ" అంది. ఆయన గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయారు.

వంటింట్లో అప్పటికే కొవ్వొత్తుల కట్టలు, నీళ్ల క్యాన్లు, పాలపొడి డబ్బాలు వరసగా ఉన్నాయి. హుద్‌హుద్ తర్వాత కరెంటు లేక, ఫోన్లు పనిచేయక, పాలూ నీళ్లూ పెట్రోలూ దొరక్క ఈ ఊరు పడ్డ అవస్థ అక్క మర్చిపోలేదు. ఆ అక్టోబరు 12న తుపాను కేంద్రం నేరుగా విశాఖ మీదుగానే ఒడ్డెక్కింది. గాలి గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. కైలాసగిరి మీదున్న డాప్లర్ రాడారే ఆ గాలికి ఆగిపోయింది. తుపానును చూడాల్సిన కన్నును తుపానే మూసేసిందన్నమాట. విమానాశ్రయం పైకప్పు చీలిపోయింది. చెట్ల సంగతి విశాఖవాసుల దగ్గర ఎత్తకూడదు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

టీవీ పక్కన గాలి పీడనం కొలిచే మాస్టారి అనెరాయిడ్ బారోమీటర్ పెట్టాం. ఉదయం పదికి చూసిన అంకె సాయంత్రం నాలుగుకి మూడు మిల్లీబార్లు తగ్గింది. అక్క కొడుకు ఎనిమిదో తరగతి. వాడు "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అని గెంతాడు. మాస్టారు వాణ్ని కూచోబెట్టి పాఠం మొదలెట్టారు. మన ఉష్ణమండలంలో గాలి పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువ. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువ. ఎండ వేడికి వాతావరణం మొత్తం లయగా ఊగే ఊగు ఇది. తుపాను ఉన్నా ఊగుతుంది, లేకున్నా ఊగుతుంది. అందుకని ఉదయానికీ సాయంత్రానికీ తేడా తీసి లాభం లేదు, నిన్న ఇదే వేళకు ఎంతుందో దానితో పోల్చాలి. ఆ లెక్క తీస్తే తగ్గుదల అర మిల్లీబారు కూడా లేదు. పిల్లవాడి ఉత్సాహం నీరుకారింది. కుర్రాడు మాత్రం నోటుబుక్కులో గళ్లు గీసి, గంటగంటకూ అంకె రాసే పని వాడికి అప్పగించాడు. పనికొచ్చే శిష్యుడు దొరికాడు.

సాయంత్రం కిర్లంపూడి లేఅవుట్ మీదుగా నడిచాం. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుంచీ ఈ ఊళ్లోనే ఉంది. ఉత్తరాంధ్ర రేవులన్నిటికీ హెచ్చరిక నంబర్ల కబురు అక్కణ్నుంచే వెళ్తుంది. ఆ నంబర్ల గురించి ఒక అపోహ జనంలో గట్టిగా పాతుకుపోయింది. అంకె పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. సగమే నిజం. ఒకటీ రెండూ ఎక్కడో దూరాన ఉన్నదానికి, మూడూ నాలుగూ రేవుకే ముప్పు రావచ్చన్నదానికి. ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కగా పోతుందో, లేక నెత్తి మీదుగానే పోతుందో చెప్పడానికి మూడు అంకెలు. ఎనిమిది, తొమ్మిది, పదీ అంతే, కాకపోతే అది మహా ప్రమాదం. పదకొండు ఎగరేశారంటే హెచ్చరికల కేంద్రంతోనే సంబంధం తెగిపోయిందని అర్థం. టీవీలో "ఏడో నంబరు నుంచి ఎనిమిదికి పెరిగింది" అన్నప్పుడు భయపడాలి. "ఎనిమిది నుంచి తొమ్మిదికి" అన్నప్పుడు మాత్రం దారి మారిందేమో అని అడగాలి.

రాత్రికి అల్పపీడనం వాయుగుండమైంది.

డిసెంబరు 3, శుక్రవారం

పొద్దున్నే తీవ్ర వాయుగుండం, మధ్యాహ్నానికి తుపాను. పేరు పెట్టారు. రైళ్లు రద్దు చేస్తున్నారు, బడులకు సెలవిచ్చారు. అక్క కొడుకు ఆనందం గురించి వేరే చెప్పక్కర్లేదు.

కాఫీలు తాగి తెన్నేటి పార్కుకు వెళ్లాం. అక్కడ 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ రాళ్ల మధ్య ఇరుక్కుని ఇంకా అలాగే ఉంది. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం సమయంలో లంగరు నిలవక కొట్టుకొచ్చింది. అది తుపాను కూడా కాదు, గుర్తుపెట్టుకోండి. పేరైనా లేని వాయుగుండం అంత ఓడను తెచ్చి పార్కు పక్కన పెట్టింది. జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

మేం కెరటాలు లెక్కపెట్టాం. ఒక కెరటం విరిగిన క్షణం నుంచి తర్వాతది విరిగే దాకా ఎన్ని సెకన్లు? మామూలు రోజుల్లో బంగాళాఖాతంలో ఆరు, ఏడు. ఇవాళ మధ్యమధ్యలో పది పదకొండు సెకన్ల ఎడంతో బరువైన కెరటాలు వస్తున్నాయి. పైకి చూస్తే సముద్రం పెద్ద కోపంగా ఏమీ లేదు, నురగ కూడా తక్కువే. కానీ ఆ ఎడమే కబురు. తుపాను కేంద్రం గంటకు పదిహేను ఇరవై కిలోమీటర్లు నడుస్తుంటే, అది పుట్టించిన పొడవాటి కెరటం ముప్ఫై కిలోమీటర్ల దాకా నడుస్తుంది. గాలి ఇంకా రాకముందే నీళ్లు వచ్చి చెబుతాయి.

ఇది మాకు పుస్తకాల్లో దొరికిన సంగతి. పెదజాలారిపేటలో ఒకాయనకు పుస్తకం అక్కర్లేదు. పడవను ఇంకా పైకి లాగి తాళ్లు బిగిస్తున్నాడు, మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏటి బాబూ, తుపాను సూడ్డానికొచ్చేరా? మేం దాని మొకం సూడకుండా ఉంటే సాలనుకుంటాం."

మాస్టారు నొచ్చుకోలేదు. సముద్రం ఎలా ఉందని అడిగారు.

"నిన్న రేత్రి నుంచీ అడుగు కదుల్తంది. పైన ఏటీ నేదు. అడుగే." పాదంతో ఇసకలో అటూ ఇటూ రాసి చూపించాడు. "గాలి రాకపోయినా ఇది ఒగ్గదు."

అప్పుడా మాటను నోటుబుక్కులో రాసుకోలేదు. రాసుకోవాల్సినంత గొప్పగా అనిపించలేదు.

మధ్యాహ్నం డాబా మీద మాస్టారు మా చేత కసరత్తు చేయించారు. పందొమ్మిదో శతాబ్దపు డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ చెప్పిన సూత్రం: మన అర్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. నేల రాపిడి వల్ల కాస్త ముందుకు కూడా. గాలి ఈశాన్యం నుంచి వస్తోంది. వీపు అటు పెట్టాం, ముఖం నైరుతికి. ఎడమ చెయ్యి చాస్తే ఆగ్నేయం, కాస్త ముందుకు జరిపితే దక్షిణ ఆగ్నేయం. ఫోన్లో బులెటిన్ చూస్తే కేంద్రం సరిగ్గా అటే ఉంది. ఉపగ్రహం లేని రోజుల్లో ఓడల కెప్టెన్లు బతికి బట్టకట్టింది ఈ చేతి లెక్కతోనే. పక్క డాబా మీద వడియాలు ఎత్తుతున్న ఆవిడ, ముగ్గురు మగాళ్లూ ఒక పిల్లాడూ వరసగా చెయ్యి చాపి ఎందుకు నిలబడ్డారో తెలియక చాలాసేపు చూసింది.

రాత్రి రాడార్ చిత్రం తెరిచాం. కైలాసగిరి రాడార్ వందల కిలోమీటర్లు చూస్తుంది కానీ దానికీ ఒక చిక్కుంది. కిరణం తిన్నగా పోతుంది, భూమి కిందికి వంగుతుంది. రెండు వందల కిలోమీటర్లు దాటేసరికి కిరణం నీటికి నాలుగైదు కిలోమీటర్ల పైన ఉంటుంది. మేఘాల తలలు కనిపిస్తాయి, కింద నీటి మీద ఏం జరుగుతోందో దానికి తెలీదు.

డిసెంబరు 4, శనివారం

వంతులవారీగా మేలుకున్నాం. తెల్లవారుజామున ఐదున్నర పరిశీలనతో వచ్చిన బులెటిన్: విశాఖకు దక్షిణ ఆగ్నేయంగా సుమారు 230 కిలోమీటర్ల దూరంలో జవాద్. టీవీలో ఎర్రక్షరాలు, "దూసుకొస్తున్న జవాద్". బయట సన్నటి తుంపర. డాబా మీద ఆరేసిన తువ్వాలు ఒక మోస్తరుగా ఊగుతోంది. వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "ఇదేనా సార్ తుపాను?" అన్నాడు. కుర్రాడికి తల కొట్టేసినట్టయింది.

అసలేమైందో తెర మీద కనిపిస్తూనే ఉంది. తుపాను నిటారుగా నిలబడాలంటే కింద గాలి, పైన గాలి ఒకే తీరులో ఉండాలి. పైన గాలి వేరే దిక్కుకు గట్టిగా వీచిందంటే మేఘాల ముద్ద కేంద్రం మీంచి పక్కకు జారిపోతుంది. జవాద్‌కు అదే జరిగింది. దానికి తోడు డిసెంబరు. ఉత్తరాది చలిగాలి పొడిగా దిగి వస్తుంటుంది, తుపాను దాన్ని లోపలికి పీల్చుకున్న కొద్దీ తడి తగ్గి నీరసిస్తుంది. అక్టోబరులో హుద్‌హుద్‌కు దొరికిన వెచ్చటి నీళ్లు ఇప్పుడు ఒడ్డు దగ్గర లేవు. తుపాను తిండి లేక చిక్కిపోతోంది.

ఇక మలుపు. పడమర నుంచి వచ్చే ఎగువ గాలుల ద్రోణి ఒకటి దాన్ని పట్టుకుని ఉత్తర ఈశాన్యానికి తిప్పుతుందని, ఒడ్డు వెంటే పూరీ వైపు పోతుందని ముందు రోజుల బులెటిన్లలోనే ఉంది. అయినా మధ్యాహ్నానికల్లా అపార్ట్‌మెంటు కింద చర్చ మొదలైంది. వాతావరణ శాఖ వాళ్లకు ఏమీ తెలీదని, అనవసరంగా హడలగొట్టారని. ఉత్తరాంధ్ర మూడు జిల్లాల్లో 54 వేల మందిని శిబిరాలకు తరలించారు, అంతా వృథా అన్నాడొక పెద్దమనిషి. నాకు ఒళ్లు మండింది. పటంలో గీసే ఆ శంకువు ఆకారం తుపాను వచ్చే దారి కాదు, కేంద్రం ఆ లోపల ఎక్కడైనా ఉండొచ్చని చెప్పే హద్దు. అంచు విశాఖను తాకుతోంది కాబట్టి జనాన్ని కదిపారు. కదపకుండా ఉండి మలుపు ఇంకో ఎనభై కిలోమీటర్లు ఆలస్యమైతే ఇదే పెద్దమనిషి ఏమనేవాడో ఊహించుకోండి. 1977 నవంబరు 19న దివిసీమలో కబురు సరిగా అందక వేలమంది పోయారు. మాస్టారు ఆ రోజుల్లో కాలేజీ కుర్రాడు, స్నేహితులతో కలిసి సాయానికి వెళ్లారట. ఆ సంగతి ఎప్పుడు వచ్చినా ఆయన ఒక్క మాటే అంటారు, గాలి కాదు, నీళ్లు చంపాయని. ఆ పైన చెప్పరు. మేమూ అడగం.

విశాఖకు ఆ విషయంలో ఒక అదృష్టం ఉంది. ఇక్కడ సముద్రం ఒడ్డు నుంచి త్వరగా లోతవుతుంది. కొండలు నీళ్లలోకి దిగిన ఊరు కదా. అంత గాలి తెచ్చిన హుద్‌హుద్ కూడా మామూలు పోటు మీద 1.4 మీటర్లే నీళ్లు లేపింది. డెల్టా దగ్గర నేల చదును, నీరు ఎగదన్నితే మైళ్ల కొద్దీ లోపలికి పోతుంది.

డిసెంబరు 4 నేవీ డే కూడా. మామూలు ఏడాదైతే ఈ సాయంత్రం బీచ్ రోడ్డులో ఇసకేస్తే రాలదు, విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర నిలబడ్డానికి చోటుండదు. ఇవాళ మబ్బు, తుంపర, పోలీసు జీపు మైకు. శనివారం అమావాస్య, పైగా ఎక్కడో అంటార్కిటికా వైపు సంపూర్ణ సూర్యగ్రహణమట. అక్క పొద్దుటి నుంచీ దీపం పెట్టి కూచుంది. శని, అమావాస్య, గ్రహణం, తుపాను నాలుగూ ఒక్క రోజే కలిశాయని పక్కింటావిడ భయం. మాస్టారు నవ్వి, వాటిలో ఒక్కదాని గురించి మాత్రం ఆవిడ భయపడటం సబబే అన్నారు.

నాలుక్కి డాబా ఎక్కి చేతులు చాపాం. గాలి ఉత్తరానికి తిరిగింది, ఎడమ చెయ్యి నిన్నటికంటే తూర్పుకు జరిగింది. తుపాను పక్కనుంచి దాటిపోతోంది. సాయంత్రానికి దాన్ని మళ్లీ తీవ్ర వాయుగుండం అని రాశారు. కుర్రాడు ఫోను పక్కన పడేసి పడుకున్నాడు.

డిసెంబరు 5, ఆదివారం

కార్తికం వెళ్లిపోయింది. మార్గశిర శుద్ధ పాడ్యమి, పోలి స్వర్గానికి వెళ్లే రోజు. తెల్లవారకముందే అక్క అరటి దొప్పల్లో ముప్ఫై వత్తులు వెలిగించింది. ఏటా సముద్రంలో వదులుతుందట. ఇవాళ పోలీసులు వదలనివ్వరని తులసికోట దగ్గర ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి వదిలింది, పోలి కథ చెప్పుకుంది. తర్వాత బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి బయల్దేరబోతూ ఫోను చూసి కేకేసింది: "ఒరేయ్, ఆర్కే బీచ్ తెగిపోతోందట!"

వెళ్లాం. కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి పిల్లల పార్కు దాకా తాళ్లు కట్టేశారు, దూరం నుంచే చూడాలి. పార్కు ప్రహరీ కూలి ఇసకలో బోర్లా పడుంది. నేల నెర్రెలిచ్చింది. సిమెంటు బెంచీల కింద మట్టి జారిపోయి అవి సముద్రం వైపు ఒరిగాయి. నడకదారి పలకలు కొన్ని కింద ఆధారం లేకుండా గాల్లో ఉన్నాయి. కొబ్బరిచెట్టు వేళ్లు బయటికొచ్చాయి. కెరటం వస్తుంది, గట్టు అడుగున తగులుతుంది, వెనక్కి పోయేటప్పుడు మట్టి రంగులో పోతుంది. మళ్లీ పదకొండు సెకన్లు.

పైన చూస్తే మబ్బు విడిపోతోంది. గాలి ఆకు కదిలించేంత కూడా లేదు. వాయుగుండం ఒడిశా తీరం వెంట పూరీ వైపు నీరసిస్తూ పోతోంది. తుపాను రోజంతా చెక్కుచెదరని ఒడ్డు, తుపాను పోయాక తెగింది.

మాస్టారు గోడ మీద కూచుని కుర్రాడికి, పక్కన చేరిన మరో నలుగురికీ చెప్పడం మొదలెట్టారు. నిన్న అమావాస్య. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగే రోజు కాబట్టి పెద్ద పోటు. గ్రహణం పట్టిందంటే ఆ వరస ఎంత సూటిగా ఉందో చూడండి. పైగా చంద్రుడు భూమికి బాగా దగ్గరికి వచ్చింది కూడా నిన్ననే, సుమారు 3,57,000 కిలోమీటర్లు. ఏడాదిలో అలాంటి పోట్లు కొన్నే. విశాఖలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు అటూ ఇటూ. మామూలు పోటు ఆగే గీత మీద అదనంగా ఒక జానెడో రెండు జానలో ఎక్కిందనుకుందాం. దాని మీద తుపాను మూడు రోజులుగా తోస్తున్న బరువు కెరటాలు విరుగుతున్నాయి. విరిగిన ప్రతి కెరటం కాస్త నీటిని ఒడ్డున పోగేస్తుంది. అన్నీ కలిసి, మామూలుగా ఇసక మీద చచ్చిపోవాల్సిన కెరటం ఇవాళ గట్టు మొదట్లో తగులుతోంది.

"మరి ఇసక ఏదండీ?" అన్నాడు ఒకతను. సరైన ప్రశ్న. ఈ తీరం వెంట ఇసక ఏటా నడుస్తుంది. నైరుతి రుతుపవనాల కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకొస్తాయి. 1970లలో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ నడక అక్కడ ఆగింది. అప్పట్నుంచీ పోర్టు డ్రెడ్జర్లతో ఇసక తవ్వి ఈ పక్కన బీచ్‌కు పోస్తూ ఉంటుంది. పోసినంత కాలం బీచ్ ఉంటుంది. ఇసక పరుపు పల్చబడిన చోట ఇలాంటి ఒక్క పోటు చాలు. తుపాను కొత్తగా చేసిందేమీ లేదు, ఎక్కడ బలహీనంగా ఉందో వేలు పెట్టి చూపించింది అంటారాయన. నేనైతే అంత మెతగ్గా అనను. వందల కోట్ల ఊరికి ముఖం లాంటి బీచ్‌ను డ్రెడ్జర్ వంతు మీద నిలబెట్టి, దాని అంచున సిమెంటు కట్టడాలు కట్టుకుంటూ పోవడం తెలివైన పని కాదు. ఇసక నేలను సముద్రం తన లెక్కలో ఉంచుకుంటుంది.

మురీ మిక్చర్ బండి అతను తాడు ఇవతల నిలబడి మరమరాల సంచి మీద చెయ్యేసుకుని చూస్తున్నాడు.

"నా బండెట్టే సోటు అదే బాబూ." కూలిన గోడ పక్కన ఇప్పుడు నీళ్లున్న చోటు చూపించాడు. "నిన్న తుపానని బండి తియ్యనేదు. ఇయాల ఆదివారం కదా, తుపాను పోనాదన్నారు, వొచ్చేను."

కుర్రాడు అతని దగ్గర నాలుగు పొట్లాలు కట్టించాడు. ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిర్చి దట్టంగా. వాడి నిన్నటి నిరాశ ఎటు పోయిందో, పొట్లం చేత్తో పట్టుకునే పగుళ్ల బొమ్మలు వేసుకుంటున్నాడు. నేను పెదజాలారిపేట ఆయన మాట గుర్తున్నంత వరకు రాసుకున్నాను, "గాలి రాకపోయినా ఇది ఒగ్గదు" అని. మా దగ్గర ఉపగ్రహ చిత్రాలున్నాయి, రాడారుంది, మూడు రకాల కంప్యూటర్ నమూనాలున్నాయి. అన్నీ కేంద్రం ఎక్కడుందో, గాలి ఎంతుందో చెప్పాయి. మేం చూసింది అవే. పంచాంగం, పోటు వేళల పట్టిక అక్క గోడకే వేలాడుతున్న క్యాలెండర్లో ఉన్నాయి. రేవుల హెచ్చరికకు నంబరుంది, పోటుకు నంబరు లేదు. గులాబ్ అప్పుడూ ఇంతే కదా. కేంద్రం కళింగపట్నం పక్కకు పోయిందని విశాఖ ఊపిరి పీల్చుకుంటే, మర్నాడు వాన విమానాశ్రయాన్నే ముంచింది.

మధ్యాహ్నం అక్క కొడుకు నోటుబుక్కు తెచ్చి చూపించాడు. ఒక్క గంట కూడా వదల్లేదు, రాత్రిళ్లు అలారం పెట్టుకున్నాడట. గళ్ల కాగితం మీద గీత శుక్ర, శనివారాల్లో కిందికి దిగి, ఆదివారానికి మళ్లీ ఎక్కుతోంది. ఆ దిగుడులో కూడా రోజుకు రెండు మిట్టలు, రెండు పల్లాలు చక్కగా కనిపిస్తున్నాయి. మాస్టారు ఆ కాగితం ఫొటో తీసుకున్నారు. మా అందరి సరంజామాలోకీ మంచి రికార్డు అదే.

డిసెంబరు 6, సోమవారం

రైళ్లు తిరుగుతున్నాయి. సాయంత్రం బండికి ఎక్కేముందు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాం. బోట్లలోకి ఐసు ఎత్తుతున్నారు, డీజిలు డ్రమ్ములు దొర్లుతున్నాయి, నాలుగు రోజుల వేట పోయిన కోపం ప్రతి మాటలోనూ ఉంది. ఐసు ధర దగ్గర ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. వలలు సర్దుకుంటున్న సరంగు ఒకడు కుర్రాడి యాసను బట్టి మనోడేనని గుర్తుపట్టి, మళ్లీ ఎప్పుడొస్తాది అని అడిగాడు. కుర్రాడు ఇదే అదను అని ఆరంభించాడు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం చల్లగా ఉంటుంది, అరుదుగా తప్ప రాదు, ఏప్రిల్ నెలాఖరు నుంచి మే దాకా ఒక విడత, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద విడత అని చెప్పుకొచ్చాడు. ఈసారి అమావాస్య, పౌర్ణమి కూడా చూసుకోవాలని చేర్చాడు.

సరంగు అంతా శ్రద్ధగా విన్నాడు.

"అయితే మే నెలలో మళ్లీ వొస్తారన్నమాట మీరు," అన్నాడు, వల దులుపుతూ. "వొచ్చే ముందు ఓ ఫోను కొట్టండి. బోటు పైకి లాక్కుంటాం."